అతిమధురం సొరుగు

మా కొట్టు నెత్తిన ఉన్న పేరు మాది కాదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. చెవిన పెట్టినవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళంతా తలెత్తి ఆ నల్లచెక్కని, దానిమీది బంగారు అక్షరాలని చూసి, ఎంత పాతదో అనుకుంటూ ఫొటో తీసుకుని పోతారు.

నా పేరు తియో గైక్ సువాన్. జార్జ్ టౌన్‌లో గంధపుచెక్కల సందులో మాది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పని మా నాన్న బూన్ లెంగ్ దగ్గర నేర్చుకున్నాను. అరవై తొమ్మిదిలో మేం ఆ ఇంట్లో దిగేనాటికి నాకు ఏడేళ్ళు. అంతకుముందు అక్కడ హంగ్ అనే మూలికల వైద్యుడు ఉండేవాడు. ఆయన పోయాక ఆయన భార్య సామాను సర్దుకుని తైపింగ్‌లో పుట్టింటికి వెళ్ళిపోతూ మా నాన్న చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, ఆ బోర్డొక్కటి ఉండనియ్యి. మావాడు సింగపూర్ నుంచి రాగానే వచ్చి పట్టుకెళతాడు. ఈలోగా నీ చేత్తో దించకు."

"ఎంతమాట అక్కా! నేను ముట్టుకుంటానా?" అన్నాడు నాన్న.

నిజంగానే ముట్టుకోలేదు. చిన్నప్పుడు జపాన్ సైనికుల కళ్ళముందే బియ్యం మూట ఎత్తుకొచ్చిన మనిషి, ఆ చెక్కకి మాత్రం భయపడ్డాడు. ఒకరి కొట్టు బోర్డుని ఇంకొకరు దించితే, దించినవాడి వ్యాపారం కూడా దిగిపోతుందని మా హొక్కియన్ చీనావాళ్ళ నమ్మకం. దాని కింద నిలబడి, ఈ వ్యాపారం అయిపోయిందని పైకి అనడం కూడా తప్పే. ఏటా కొత్త సంవత్సరానికి నాన్న స్టూలెక్కి తడిగుడ్డతో దాన్ని తుడిచేవాడు, పక్కింటి తాతకి స్నానం చేయించినట్టు. సింగపూర్ నుంచి ఆ కొడుకు మాత్రం రాలేదు.

బోర్డుతోపాటు గోడంతా పరుచుకున్న మందుల బీరువా కూడా మాకే మిగిలింది. తొంభై ఆరు సొరుగులు, ఒక్కోదానిమీద ఒక్కో మందు పేరు. ఊరికే ఖాళీగా ఎందుకని నాన్న వాటిలో సైకిల్ సామాను పోశాడు. ముందుచక్రం బేరింగు గుండ్లు అతిమధురంలో, వెనకచక్రం గుండ్లు శొంఠిలో, వాల్వులు చామంతిపూలలో. చివరికి సామాను అసలు పేర్లు పలకడానికి మాకే నోరు తిరగకుండా పోయింది. "ఏయ్ పిల్లా, అతిమధురం ఇరవై, శొంఠి పద్దెనిమిది పట్రా!" అని నాన్న కేకేస్తే, వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు లోపల ఎవరికో బాగా జబ్బు చేసిందనుకునేవాళ్ళు.

ఇక్కడ వీధి సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే నా ఏడుపేమిటో మీకు అర్థం కాదు. ఈ ఇళ్ళన్నీ మా వంశసంఘానివి. అద్దె పెంచకూడదని చట్టం ఉన్నన్నాళ్ళూ పెంకు ఊడినా వేయించే దిక్కులేదు, అయినా కిందంతా కొట్లే, పైనంతా పిల్లాజెల్లే. చట్టం ఎత్తేశారు. అద్దెలు చుక్కలనంటాయి. తాళ్ళు పేనేవాళ్ళు, తగరపు డబ్బాలు చేసేవాళ్ళు, అగరుబత్తీలవాళ్ళు ఒక్క ఏడాదిలో మూటాముల్లె సర్దుకున్నారు. ఖాళీ ఇళ్ళలో కొన్నాళ్ళు పిచ్చుకల్లాంటి పక్షుల్ని పెంచి, వాటి గూళ్ళు సూపుకి అమ్ముకున్నారు. మనుషులు పోయిన ఇంట్లో పక్షులు కాపురమున్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత ఎవరికో జ్ఞానోదయమైంది, ఇది అమూల్యమైన వీధి, దీన్ని కాపాడాలి అని. కాపాడారు. ఇప్పుడు పన్నెండు కొట్లలో తొమ్మిది కాఫీ హోటళ్ళు.

అలా కాపాడే ముందు, ఏ కొట్టు ఏమిటో రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. చేతిలో అట్ట, చెవిమీద పెన్సిలు. నాన్న టీకి వెళ్ళాడు. నేను ఒళ్ళో చక్రం పెట్టుకుని బెండు తీస్తున్నాను, మోచేతులదాకా గ్రీజు. ఆయన వచ్చి సరిగ్గా బోర్డు కింద నిలబడి తలెత్తాడు.

"ఈ మందుల కొట్టు ఇంకా నడుస్తోందా అమ్మా?"

అదేదో వసారా చివర నిలబడి అడిగి ఉంటే, ఎప్పుడో పోయిందండీ, ఇది సైకిళ్ళ కొట్టు అని చెప్పేదాన్ని. బోర్డు కింద నిలబడి అడిగాడు. అక్కడ ఆ మాట నా నోటితో ఎలా అనను?

"నడుస్తోంది," అన్నాను.

"ఎన్నేళ్ళుగా?"

"వందేళ్ళు."

ఆయన రాసుకున్నాడు. నా ఒళ్ళో చక్రం చూశాడు, ఏమీ అడగలేదు. జనాభా లెక్కలవాళ్ళలాగే రాసుకుని పోతాడు, మనకేంలే అనుకున్నాను. నాన్నకి కూడా చెప్పలేదు. తర్వాత కొన్నేళ్ళకి నాన్న నిద్రలోనే పోయాడు, నిశ్చింతగా.

ఆయన పోయిన అయిదేళ్ళకి, పాత కట్టడాలు కాపాడే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బోర్డుమీదున్న పేరే, గీ ఆన్ తోంగ్ మందుల కొట్టు, మొదటి తరగతి కట్టడమట. అందులో సైకిళ్ళు బాగుచేయడం అసలు వ్యాపారానికి విరుద్ధమట. ఆరు నెలల్లోగా మందుల వ్యాపారానికి తిరిగి రాకపోతే ఇల్లు ఖాళీ చేయాలట. ఎప్పుడూ చేయని వ్యాపారానికి నేను తిరిగి రావడమేమిటి? వంశసంఘం కార్యదర్శి దగ్గరికి పరిగెత్తాను.

"నేనేం చేసేదమ్మా? పుస్తకంలో అలా ఎక్కింది. మార్చాలంటే అప్పుడు అబద్ధం చెప్పానని నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మొదటి తరగతి పోతుంది. అది పోతే మీ ఇంటికి కాఫీవాళ్ళు ముగ్గురు క్యూలో ఉన్నారు," అన్నాడాయన గొంతు తగ్గించి.

ఇంకో చోటికి పోవచ్చుగా అంటారు. ఎక్కడికి? ఈ ఇంటి మేడమీదే పెరిగాను, పెళ్ళీపెటాకులూ లేవు. పంక్చరు పని చేసుకునే ఆడదానికి బయట ఎవరిస్తారు కొట్టు? ఇచ్చినా నా బేరాలన్నీ ఈ వీధుల్లోనే ఉన్నాయి. రిక్షావాళ్ళు చక్రం అరిగిందని వంతెన దాటి దీవి అవతలికి రారు.

అందుకని మందులదాన్నయ్యాను. నీలం జాకెట్టు కుట్టించుకున్నాను. కంటికి ఎదురుగా ఉన్న మూడు సొరుగుల్లో బజారు నుంచి తెచ్చిన ఎర్ర ఖర్జూరాలు, ఎండుపూలు, ఏవో వేళ్ళు పోశాను. పాత తక్కెడ తోమి ముందు పెట్టాను. పది నుంచి నాలుగుదాకా దాని వెనక దేవుడి బొమ్మలా కూర్చునేదాన్ని. ఏ ముసలావిడో నిజంగా చీటీ పట్టుకొస్తే, వైద్యుడు బయటికెళ్ళాడని చెప్పేదాన్ని. అదీ అబద్ధం కాదు, వెళ్ళి నలభై అయిదేళ్ళు దాటింది, ఇంకా రాలేదు.

అసలు పని వెనకాల మండువాలో, నాలుగు తర్వాత. రిక్షావాళ్ళు దొడ్డిసందులోంచి వచ్చేవాళ్ళు. అందరికంటే ఎక్కువ వచ్చేది సెమాన్ బాబాయే. డెబ్భై దాటినా పాత రిక్షా వదలడు. నాన్న బతికున్నప్పటినుంచీ మా బేరం.

"ఏం డాక్టరమ్మా, నా ఎడమ చక్రానికి కీళ్ళనొప్పులు. ఏదన్నా కషాయం పోస్తావా?" అనేవాడు తలుపు తోస్తూనే.

"నెమ్మదిగా బాబాయ్, ముందు వసారాలో జనం తిరుగుతున్నారు."

"ఉండనీవే. దొంగసారా కాస్తున్నామా? చక్రం బాగుచేయడానికి దొంగదారిన రావాల్సొచ్చింది, అదీ మీ నాన్న కొట్లో."

నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం గుండెల్లో గుచ్చుకునేది. రెండేళ్ళు అలాగే గడిచాయి. ప్రతి పొద్దున ఆ జాకెట్టుకి గుండీలు పెట్టుకుంటుంటే ఎవరి బట్టలో దొంగిలించి వేసుకున్నట్టుండేది. నాకు కావలసింది ఒక్కటే. ముందు వసారాలో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, నా చేతులకి గ్రీజు అంటించుకుని కూర్చోవాలి.

తర్వాతి ఏడాది ఆఫీసు నుంచి తనిఖీకి కొత్తమ్మాయి వచ్చింది. పేరు క్వా ఈ లిన్. పాతికేళ్ళుంటాయేమో. నెమ్మదైన పిల్ల, వచ్చినప్పటినుంచీ ఒకటే దగ్గు. గోడలు కొలుచుకుంది, నేలమీది రంగుపలకలు లెక్కపెట్టుకుంది, నన్ను ఒక్క ఇబ్బంది ప్రశ్న అడగలేదు. బతికానురా అనుకుంటుండగా ఆగకుండా దగ్గింది.

"ఆంటీ, గొంతు పట్టేసింది. రెండు అతిమధురం ముక్కలు ఇవ్వరూ? ఉండండి, మీరు లేవకండి, నాకు చదవడం వచ్చు," అంటూ చెయ్యి చాపింది.

"వద్దమ్మాయ్, అది కాదు, ఆగు..."

లాగేసింది. దాదాపు యాభై ఏళ్ళ బరువున్న సొరుగు. ఆ పిల్ల చేతిలో ఆగుతుందా? ముందుకు వాలి, లోపలివన్నీ నేలమీద కుమ్మరించింది. ఉక్కు గుండ్లు వందలకి వందలు తక్కెడ కిందికి, మెట్లమీదికి, వసారా దాటి కాలవలోకి దొర్లుకుంటూ పోయాయి. వసారాలో నడిచే ఇద్దరు ఎగిరి పక్కకి దూకారు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతే, నోరు ఆగలేదు. హంగ్ వైద్యుడు, ఆయన భార్య, నాన్న మాట, బోర్డు కింద నేను అన్న అబద్ధం, ఈ దిక్కుమాలిన జాకెట్టు, అన్నీ కక్కేశాను. ఆ పిల్ల మోకాళ్ళమీద కూర్చుని గుండ్లు ఏరుతూ విన్నది. మధ్యలో లేచి ఇంకో సొరుగు తెరిచింది. శొంఠి. ఇంకోటి. చామంతి. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆంటీ, మీకు తెలియడంలేదు. ఇలాంటి మందుల కొట్లు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. మందుల బీరువాలో నడిచిన సైకిళ్ళ కొట్టు ఎక్కడుంది చెప్పండి? అసలు చరిత్ర ఇదీ!"

"అయితే నన్ను వెళ్ళగొట్టరా?"

"నేను మాట్లాడతాను. మీరు ఒక్కటి చేయండి. ఏదీ కదపకండి, ఎక్కడివి అక్కడే ఉంచండి."

ఆ ఆఖరి మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు. నన్ను వెళ్ళగొట్టరన్నది, అది చాలనుకున్నాను.

రెండు నెలల్లో కొత్త ఉత్తరం వచ్చింది. మందుల కొట్టు, సైకిళ్ళ కొట్టు రెండూ కలిపి గుర్తించామని, తియో గైక్ సువాన్ వృత్తికళాకారిణి అని. పదేళ్ళ ఒప్పందం. అది పట్టుకుని వీధంతా తిరిగాను. సంతకం ఎంత గట్టిగా పెట్టానంటే కాగితం కాస్త చిరిగింది. ఆ సాయంత్రం అపోం అట్లు, కొబ్బరిజాము రాసిన కాయా రొట్టెలు, నల్లకాఫీ తెప్పించి రిక్షావాళ్ళందరినీ పిలిచాను. ముందుగుమ్మంలోంచే రమ్మన్నాను. నీలం జాకెట్టు మడిచి పెట్టె అడుగున పడేశాను.

"ఇక దొడ్డిదారి బంద్, బాబాయ్! రేపటినుంచి నీ బండి వసారాలోనే," అన్నాను.

"మీ నాన్న ఉండుంటే ఇవాళ తాగి పడిపోయేవాడు," అన్నాడు సెమాన్ బాబాయ్. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

మూడో వారం పనివాళ్ళు అద్దాలు పట్టుకొచ్చారు.

బీరువా మొత్తానికి, నేలనుంచి పైదాకా అద్దం బిగించారు. సొరుగులన్నీ ఉన్నవి ఉన్నట్టే, కొన్నింటిని సగం తెరిచి, లోపలి గుండ్లు, వాల్వులు కనపడేలా. ఆ పిల్ల ఏరిన గుండ్లు కూడా లెక్కపెట్టి అతిమధురంలోనే పోశారు. తాళంచెవి ఆఫీసులో ఉంటుందట. మండువాకి కూడా పైన అద్దం, కింద సందర్శకులకి బల్లలు. పాత నేలపలకలు పాడవుతాయని గ్రీజు నిషేధం. బయటి సామాను ఏదీ లోపలికి తేకూడదు, అసలుదానితో కలిసిపోతుందట. నాలుగింటికి పలకల తలుపులు వేసేస్తే ఇంకే పనీ చేయకూడదు.

ఈ లిన్‌కి ఫోన్ చేశాను.

"నువ్వే కదమ్మా నన్ను నిలబెట్టావు! నా గుండ్లు నాకు కావాలి. పనెలా చేసేది?"

"పని చేయండి ఆంటీ, అందుకేగా మీరున్నది. మీకోసం ఒక సైకిల్ కూడా పంపిస్తున్నాం. రోజూ దాని చక్రం విప్పి బిగించి చూపించండి. ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టరు."

"బాగున్న సైకిల్‌ని విప్పడమెందుకు?"

"పాడైనవి వస్తే నూనె మరకలవుతాయి కదా ఆంటీ," అంది నెమ్మదిగా. దానికీ బాధగానే ఉన్నట్టుంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అలా మొదలైంది. పదింటికి వసారాలో కూర్చుంటాను. నిగనిగలాడే నల్లసైకిల్‌ని తలకిందులు చేస్తాను. ముందుచక్రం విప్పుతాను, ఇరవై గుండ్లు గుడ్డమీద పరుస్తాను, మళ్ళీ పెట్టి బిగిస్తాను. చక్రం తిప్పి చూపిస్తాను. అది నిన్నా బాగానే తిరిగింది. పన్నెండింటికి మళ్ళీ. రెండింటికి మళ్ళీ. మందులదానిలా నటించినప్పుడు కనీసం నాలుగు తర్వాత నా పని నాకుండేది. ఇప్పుడు నేను నాలాగే నటించాలి, పనేమో లేదు. నిజం చెప్పి బాగుపడదామనుకుంటే ఉన్న దొడ్డిదారి కూడా మూసుకుపోయింది. పదేళ్ళకి సంతకం పెట్టిన చెయ్యి ఇదే.

రిక్షావాళ్ళకి విషయం తెలిసి రావడం మానేశారు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని. అదే ఎక్కువ బాధ.

మొన్న పన్నెండింటి ప్రదర్శనకి బాగా జనం ఉన్నారు. చక్రం విప్పి, గుండ్లు గుడ్డమీద పెట్టానో లేదో, వీధి చివర కరకరమని చప్పుడు వినిపించింది. చూడకుండానే చెప్పగలను, ఎడమచక్రం, గుండ్లు పగిలిపోయాయి. సెమాన్ బాబాయ్ బండిని ఎక్కకుండా తోసుకుంటూ వస్తున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మా వసారా దగ్గరికి వచ్చి, జనాన్ని చూసి, తలదించుకుని దాటిపోబోయాడు.

"ఏం బాబాయ్, కళ్ళు కనపడటంలేదా? కొట్టిక్కడ!" అని అరిచాను.

"నీకు పనుందిగా పిల్లా. నేను జెలుతోంగ్‌లో కొట్టుకి పోతాన్లే."

"ఆ కాళ్ళతో అంతదూరం తోస్తావా? పెట్టిక్కడ."

"నీ సామాను గాజుపెట్టెలో ఉందిగా. దేనితో చేస్తావ్?"

గుడ్డమీదున్న ఇరవై గుండ్లకేసి చూశాను. బండి చక్రానికీ దీనికీ కొలత ఒకటే. బాబాయ్ కూడా అటే చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు.

"గైక్, వద్దే. నీ ఇల్లు పోతుంది."

"సీటు కింద గ్రీజు డబ్బా ఉందా లేదా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. బండిని పక్కకి ఒరగేశాం. చక్రం ఊడదీసి, పాత గుండ్ల పొడి రాల్చి, వేలితో గ్రీజు తీసి చక్రం మధ్యలో గుండ్లు కూర్చునే గిన్నెల్లో నిండుగా పట్టించాను. ఎన్ని నెలలైంది ఆ వాసన చూసి! ఒక్కొక్క గుండే అంటించుకుంటూ పోయాను, ఇటు పది, అటు పది. చేతులు వాటంతటవే నడిచాయి. గ్రీజు చుక్క ఒకటి వందేళ్ళ నేలపలకమీద పడింది, పడనీ అనుకున్నాను. ఇరుసు బిగించి చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది, చాలాసేపు ఆగలేదు. పాడైనది బాగై తిరిగిన తిరుగుడు అది.

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బాబాయ్‌కి కూడా కలిపి కొట్టారు. ఆయన్ని ఆఫీసువాళ్ళు పెట్టిన వేషగాడనుకున్నట్టున్నారు. ఆయన జేబులోంచి నలిగిన నోటు తీసి నా చేతిలో పెడితే ఇంకా గట్టిగా కొట్టారు. ముసలాయన ఎవరివంకా చూడలేదు.

"మీ నాన్న చేసినట్టే ఉంది," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

టోపీ పెట్టుకున్న ఒకావిడ ముందుకొచ్చి, "చాలా బాగుందండీ, అచ్చం నిజంగా చేసినట్టే. మళ్ళీ ఎన్నింటికి?" అని అడిగింది.

నేను చేతులు గుడ్డకి తుడుచుకుని ఆఫీసువాళ్ళ సైకిల్‌కేసి చూశాను. ముందుచక్రం గుల్లైపోయి పక్కన పడుంది. వెనకచక్రంలో ఇంకా పద్దెనిమిది గుండ్లున్నాయి, ఇంకొక్క బండి వెనకచక్రానికి సరిపోతాయి.